చివరి మడికి నీరందిందా?

నాట్ల రోజుల్లో కోడూరు, నాగాయలంక వైపు రైతును కదిపితే ఒకటే మాట: "కాలవ నిండుగానే ఉందండీ, మా చివరి మడికే నీళ్లు అందట్లేదు." నర్సింగ్ చదివే పిల్లలకు షాక్ అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే మంచి మాట నాకు దొరకలేదు. ఇది కరెంటు షాకూ కాదు, చెడువార్త విన్నప్పటి దిగ్భ్రాంతీ కాదు. రక్తం మోసుకొచ్చే ప్రాణవాయువు ఒంట్లోని కణాలకు చాలినంత అందని స్థితి. బీపీ అంకె బాగానే కనిపించవచ్చు. చివరి మడి మాత్రం అప్పటికే బీటలు తీస్తుంటుంది.

ఈ సంగతి తెలియడానికి లోకానికి చాలా కాలం పట్టింది. ఇంగ్లీషువాళ్ల గ్లోబ్ ఓడ 1611లో బందరు రేవుకు చేరింది. ఆ తరవాత 17 ఏళ్లకు, 1628లో, విలియం హార్వే రక్తం గుండె నుంచి బయలుదేరి మళ్లీ గుండెకే చేరుతుందని నిరూపించాడు. 1737లో ఫ్రెంచి వైద్యుడు లెద్రాన్ తుపాకి గాయాల మీద గ్రంథం రాశాడు. 1743లో దాన్ని ఇంగ్లీషు చేసినప్పుడు 'షాక్' అన్న మాట వైద్యంలోకి వచ్చింది. మాట దొరికింది గానీ మందు దొరకలేదు.

మందు 1832లో దొరికింది. మనకది నందన నామ సంవత్సరం. కృష్ణకు ఆవలి ఒడ్డున గుంటూరు సీమను కరువు కబళించిన ఏడాది. అదే ఏడాది స్కాట్లాండులోని లీత్ పట్టణంలో థామస్ లాటా అనే వైద్యుడు కలరాతో నాడి అందని ఓ ముసలమ్మకు రక్తనాళం ద్వారా ఉప్పునీరు ఎక్కించాడు. అరగంటలో మూడు లీటర్లకు పైగా ఎక్కింది. పీక్కుపోయిన కళ్లలో వెలుగొచ్చింది, చేతులు వెచ్చబడ్డాయి, నాడి దొరికింది. ఇక గండం గడిచిందనుకుని లాటా ఆమెను ఆసుపత్రి వైద్యుడికి అప్పగించి వెళ్లాడు. వాంతులు, విరేచనాలు మళ్లీ మొదలయ్యాయి. పోయిన నీటికి బదులు నీరు ఎక్కలేదు. అయిదున్నర గంటల్లో ఆమె ప్రాణం పోయింది. సెలైన్ చరిత్రలో ఇది మొదటి పాఠం, నర్సింగ్ చరిత్రలోనూ ఇదే మొదటి పాఠం అంటాను నేను. ఎక్కించడం సగం పని. పక్కనే ఉండి ఎంత పోతోంది, ఎంత వస్తోంది అని లెక్క చూడటం మిగతా సగం.

1864 నవంబరు 1 రాత్రి బందరును ఉప్పెన ముంచింది. దాదాపు 30,000 మంది పోయారు. బతికి బయటపడ్డ క్షతగాత్రుల బీపీ చూసే సాధనం కూడా అప్పటికి లేదు. చేతికి పట్టీ చుట్టి కొలిచే పద్ధతిని 1896లో రివా రొచ్చి తెచ్చాడు. స్టెతస్కోపుతో చప్పుడు వినడం 1905లో కొరొట్కాఫ్ నేర్పాడు. భోగరాజు పట్టాభి సీతారామయ్య బందరులో డాక్టరుగా ప్రాక్టీసు పెట్టింది ఇంచుమించు ఆ రోజుల్లోనే. 1901లో లాండ్‌స్టైనర్ రక్తం గ్రూపులు బయటపెట్టడంతో రక్తమార్పిడికి దారి తెరుచుకుంది.

షాక్‌ను కారణాన్నిబట్టి విడదీసే పని 1934లో ఆల్‌ఫ్రెడ్ బ్లాలాక్ మొదలుపెట్టాడు. నేటి పుస్తకాల్లోని నాలుగు రకాలు 1972 నాటి విభజన. డెల్టాలో పుట్టినవాళ్లు వాటిని బట్టీ పట్టనక్కర్లేదు. నీరే తగ్గిపోతే హైపోవాలమిక్: రక్తస్రావం, విరేచనాలు, కాలిన గాయాలు. నీటిని తోసే మోటారే మొరాయిస్తే కార్డియోజెనిక్: గుండెపోటు. కాలవలన్నీ ఒక్కసారిగా వెడల్పై ఉన్న నీరు చాలకపోతే డిస్ట్రిబ్యూటివ్: సెప్సిస్, అనాఫిలాక్సిస్, వెన్నుపాము దెబ్బ. గుర్రపుడెక్క లాంటిది అడ్డుపడితే అబ్‌స్ట్రక్టివ్: ఊపిరితిత్తుల ధమనిలో గడ్డ, గుండె చుట్టూ చేరిన నీరు.

1977 నవంబరు 19న దివిసీమ మీద పడ్డ ఉప్పెనలో 10,000 మందికి పైగా పోయారు. పాలకాయతిప్ప, సొర్లగొంది, హంసలదీవి పేర్లు చెబితే ఇప్పటికీ పెద్దవాళ్ల గొంతు పూడుకుపోతుంది. తుమ్మచెట్లను పట్టుకుని తెల్లవార్లూ వేలాడి బతికినవాళ్లకు ఒళ్లంతా ముళ్ల గాయాలు, చలి, దాహం. మంచినీటి బావులు ఉప్పుబారాయి. అలాంటి చోట విరేచనాలు మొదలైతే ఊళ్లకు ఊళ్లే షాక్‌లోకి జారతాయి. అంతకు ఆరేళ్ల ముందే, 1971లో, బంగాళాదేశ్ శరణార్థుల బనగావ్ శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి వేల ప్రాణాలు నిలబెట్టాడు. నేడు అంగన్‌వాడీలోనూ దొరికే ఓఆర్ఎస్ పొట్లం విలువను లోకానికి చాటింది ఆ శిబిరమే.

దివిసీమకు మరో శత్రువు పాము. 2018 ఆగస్టులో కాట్లు వందకు మించాయి. అవనిగడ్డ ఆసుపత్రికి జనం వరసకట్టారు, మోపిదేవిలో సర్పశాంతి హోమం చేశారు. 1796లో పాట్రిక్ రస్సెల్ కోరమాండల్ తీరపు పాముల మీద పుస్తకం వేసినప్పుడు రక్తపింజరకు రాసిపెట్టుకున్న పేరు మన తెలుగుపేరే: కాటుక రేకుల పొడ. దీని విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. పరీక్ష చాలా తేలిక. శుభ్రమైన, పొడిగా ఉన్న గాజు ట్యూబులో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూడాలి. జారిపోయిందా, విషం ఎక్కినట్టే. విరుగుడు మందు పెట్టాక కూడా నర్సు అక్కడినుంచి కదలకూడదు. ఆ మందే కొందరిలో అనాఫిలాక్సిస్ తెస్తుంది. ఒంటిమీద దద్దుర్లు, గొంతులో పిల్లికూతలు మొదలైతే పెద్దవాళ్లకు అర మిల్లీగ్రాము అడ్రినలిన్ తొడ కండలో పడాలి. అందుకే ముందే సిరంజిలో ఎక్కించి పెట్టుకోవాలి.

ఇక లోలోపలే రక్తం పోయి షాక్ తెచ్చే అన్యూరిజం. కాలవగట్టు మెత్తబడ్డ చోట ఉబ్బినట్టే ధమని గోడ ఉబ్బుతుంది. ఉబ్బు పెరిగినకొద్దీ గోడ మీద ఒత్తిడి పెరుగుతుంది, గోడ పలచబడుతుంది, చివరికి గండి పడుతుంది. వయసు, అదుపులో లేని బీపీ, చుట్టా బీడీ దీని చుట్టాలు. 1785లో లండనులో జాన్ హంటర్ ఒక బండివాడి మోకాలి వెనక ఉబ్బుకు పైనుంచి ధమనిని ముడివేసి కాలు నిలబెట్టాడు. 1948లో ఐన్‌స్టీన్ పొట్టలోని బృహద్ధమని ఉబ్బుకు సర్జన్ నిస్సెన్ సెల్లొఫేన్ చుట్టాడు. 1955లో అది పగిలింది, ఆయన మరో ఆపరేషను వద్దన్నాడు. 1951లో పారిస్‌లో డ్యుబో ఉబ్బిన భాగాన్ని కోసి వేరే ధమనిని కలిపాడు. 1990లో బ్వేనస్ ఎయిరీస్‌లో పరోడి పొట్ట కోయకుండా తొడ ధమని నుంచే లోపలికి గొట్టం అమర్చాడు. ఉబ్బును పగలకముందే పట్టేవి స్కానింగులు. ఆ విద్యలో పేరు మోసి, నిమ్స్‌కు సారథి అయిన డాక్టర్ కాకర్ల సుబ్బారావుది మన పెదముత్తేవి.

గుడివాడ దగ్గర రామాపురంలో పుట్టిన నటుడు అక్కినేని నాగేశ్వరరావు 1974లో గుండె ఆపరేషనుకు అమెరికా వెళ్లాల్సి వచ్చింది. ఆ తరవాత 108 అంబులెన్సు వచ్చింది, ఆరోగ్యశ్రీ వచ్చింది, 2023లో బందరుకు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. తుపానును ముందే పసిగట్టే డాప్లర్ రాడార్ బందరులోనే ఉంది. షాక్‌కు అలాంటి రాడార్ మంచం పక్కన నిలబడే మనిషే.

ఒంట్లో అయిదు లీటర్ల రక్తం ఉన్నవాడికి లీటరుపైన పోయినా పడుకున్నప్పుడు పై బీపీ మామూలుగానే ఉండవచ్చు. అప్పటికే నాడి నూరు దాటుతుంది, చేతులు చల్లబడతాయి, చెమట పడుతుంది, మనిషి కంగారుగా మాట్లాడతాడు. గోరు నొక్కి వదిలితే 2 సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి, రాదు. 60 కిలోల మనిషికి గంటకు కనీసం 30 మిల్లీలీటర్ల మూత్రం రావాలి, తగ్గుతుంది. అరవై దాటినవాడు ఉన్నట్టుండి నడుమో పొట్టో చీల్చినట్టుందంటే, పొట్టలో ఏదో కొట్టుకుంటోందంటే, గట్టిగా నొక్కి చూడకండి, వెంటనే డాక్టరును పిలవండి. జీవితంలో ఎన్నడూ ఎరగనంత తలనొప్పి ఒక్క క్షణంలో వచ్చిందన్న మాటనూ తేలిగ్గా తీసుకోకండి. అది మెదడులో ఉబ్బు పగిలిన నొప్పి కావచ్చు.

కాలవల మీద లస్కర్లు ఉంటారు. రాత్రిపూట టార్చిలైటుతో గట్టు వెంట నడుస్తూ ఎక్కడ ఊట కారుతోందో, ఏ మడికి నీరు అందలేదో చూసుకుంటారు. లీత్‌లో ఆ ముసలమ్మ మంచం పక్కన ఆ అయిదున్నర గంటలూ అలాంటి మనిషి ఒక్కరు లేకపోయారు. రేపు అవనిగడ్డలోనో గుడివాడలోనో రాత్రి రెండింటికి యూరిన్ బ్యాగు మీది గీత చూసి, చేయి పట్టి, నాడి లెక్కపెట్టి, డాక్టరును లేపేది మీరే. లేపడానికి మొహమాటపడకండి.