స్పెక్ట్రమ్ ఇంటి కంప్యూటరు : దాని ఆటలు

ఇంగ్లండు దేశమున కేంబ్రిడ్జి నగరమందలి సింక్లెయిర్ రిసెర్చి సంస్థ 1982 ఏప్రిల్ 23వ తేదీన వెలువరించిన జడ్.ఎక్స్. స్పెక్ట్రమ్ అను చిన్న కంప్యూటరు కొఱకు, అటుపై పదియేండ్లలో, వేలకొలది ఆటలు వ్రాయబడినవి. ఇంటింట లెక్కలు వ్రాసికొనుటకును, పిల్లలకు ప్రోగ్రాముల రచన అలవడుటకును ఉద్దేశింపబడిన యంత్రము తుదకు ఆటల యంత్రముగనే ప్రసిద్ధి కెక్కుట దాని కర్తయగు క్లైవ్ సింక్లెయిరునకు అంతగా రుచింపలేదని చెప్పుదురు.

దీనికి ముందు అదే సంస్థ నుండి 1980లో జడ్.ఎక్స్.80, 1981లో జడ్.ఎక్స్.81 వెలువడినవి. వీనికి రంగు లేదు, ధ్వని లేదు. జ్ఞాపకశక్తి ఒక్క కిలోబైటు. ఆ యొక్క కిలోబైటు గల యంత్రము మీదనే డేవిడ్ హార్న్ అను నతడు 672 బైట్లలో చదరంగ మాడు ప్రోగ్రామును ఇమిడ్చెను. కోట కట్టుట వంటి కొన్ని నియమములు అందు విడువబడినను, అది నిజముగనే ఎత్తునకు పైయెత్తు వేసెడిది. మాల్కమ్ ఈవన్స్ రచించిన త్రీడీ మాన్‌స్టర్ మేజ్ అను ఆటకు అదనపు జ్ఞాపకపు పెట్టె కావలసి వచ్చెను. నలుపు తెలుపు గోడల సందులలో రాక్షసబల్లి యొక్కటి అడుగడుగునకు పెద్దదగుచు ఎదురువచ్చు ఆ దృశ్యము ఆనాటి పిల్లల నిద్ర చెఱచినది.

స్పెక్ట్రమ్ నల్లని చిన్న పలకవలె నుండును. దాని మీది నలువది రబ్బరు మీటలతో కూడిన రూపమును రిక్ డికిన్సనును, లోపలి విద్యున్మార్గములను రిచర్డ్ ఆల్ట్‌వాసరును, బేసిక్ భాషను స్టీవ్ వికర్సును కూర్చిరి. జిలాగ్ సంస్థ వారి జడ్80ఏ ప్రాసెసరు 3.5 మెగాహెర్ట్‌జ్ వేగమున పనిచేసెడిది. 16 కిలోబైట్ల యంత్రము వెల 125 పౌండ్లు, 48 కిలోబైట్లది 175 పౌండ్లు. ప్రత్యేకమైన తెర లేదు. ఇంటి టీవీకే తగిలింపవలెను. ప్రోగ్రాములు పాటల క్యాసెట్ల వంటి క్యాసెట్లలోనే ఉండెడివి.

తెర మీద అడ్డముగ 256, నిలువుగ 192 చుక్కలు. ఈ చుక్కలకు 6,144 బైట్లు పట్టును. రంగులకు కేటాయింపబడినవి 768 బైట్లు మాత్రమే. అనగా ఎనిమిదింట ఎనిమిది చుక్కల గడి యొక్కింటికి ఒక బైటు చొప్పున, ఏ గడిలోనైనను రెండే రంగులు. ఎఱ్ఱని వీరుడు పచ్చని చెట్టు ముందుగ నడచినచో, చెట్టు కొమ్మ సైతము గడి మేర ఎఱ్ఱబడును. ఈ రంగుల రాపిడియే స్పెక్ట్రమ్ ఆటల ముఖముద్ర. ధర్మవరమున పట్టుచీరకు డిజైను గీయువాడు గళ్ళ కాగితము మీద ఒక్కొక్క గడిని నింపుచు పోవగా, ఆ గడుల ననుసరించి జాకార్డు అట్టలలో రంధ్రములు పడి, పడుగుపోగులు లేచుట చూచినవారికి ఈ రచనావిధానము క్రొత్త గాదు. స్పెక్ట్రమ్ ఆటగాని బొమ్మ గీయువాడును గళ్ళ కాగితముతోనే మొదలుపెట్టెడివాడు. వరుసలోని ఎనిమిది గడులకు 128, 64, 32, 16, 8, 4, 2, 1 అని విలువలు. నడిమి రెండు గడులు నింపినచో 16, 8 కలసి 24. అట్టి ఎనిమిది సంఖ్యలు వరుసగ వ్రాసిన ఒక బొమ్మ. పనివాని నేర్పంతయు గడి అంచులు బయటపడకుండ చేయుటలో నుండును. చీర బుటాకైనను ఇంతే, ఆటలోని బొమ్మకైనను ఇంతే.

తెరకు పోగా 48 కిలోబైట్ల యంత్రమున ఆటకు మిగులునది 42,240 బైట్లు. ఈ వ్యాసమును నేటి యూనికోడ్ పద్ధతిని భద్రపఱచినచో ఆ చోటులో సగమునకు మించి ఇదే ఆక్రమించును.

ఆటను ఎక్కించుటయే ఒక తంతు. జె అను మీట నొక్కినంతనే ‘లోడ్’ అను మాట పూర్తిగ తెర మీద పడును. పిదప రెండు ఉద్ధరణ చిహ్నములు, పిదప ఎంటర్, అంతట టేపు రికార్డరును త్రిప్పవలెను. తెర అంచున తొలుత ఎఱుపు, లేతనీలి చారలు నెమ్మదిగ ప్రాకును. పిమ్మట నీలము, పసుపు చారలు చెవులు గింగురుమను కీచుధ్వనితో పరుగెత్తును. నిండు ఆటకు దాదాపు ఐదు నిమిషములు. ఆ యైదవ నిమిషమున ‘ఆర్ టేప్ లోడింగ్ ఎర్రర్’ అని తెరమీద కనబడినచో క్యాసెట్టును వెనుకకు త్రిప్పి, రికార్డరు హెడ్డు ప్రక్కనుండు చిన్న మరను స్క్రూడ్రైవరుతో ఇసుమంత కదల్చి, మరల మొదటినుండి ఆరంభింపవలసినదే.

1982వ సంవత్సరపు ఆటలలో పేర్కొనదగినది హాబిట్. టోల్కీన్ నవల ననుసరించి ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరమున ఫిలిప్ మిచెల్, వెరొనికా మెగ్లర్ దీనిని రచించిరి. ఆటగాడు ఆంగ్లవాక్యములు వ్రాసి ఆజ్ఞాపింపవలెను. కథలోని తక్కిన పాత్రలు తమ ఇచ్చవచ్చినట్లు తిరుగుచుండును. మన పులిజూదమున మేకలవాడు ఎంతసేపు తల గోకికొన్నను పులి కదలదు. హాబిట్‌లో ఆటగాడు ఊరక కూర్చున్నను కాలము నడచును, థోరిన్ అను పాత్ర బంగారమును గూర్చి పాడుకొనుచుండును.

1983 ఆగస్టులో లివర్‌పూల్ నగరపు బగ్‌బైట్ సంస్థ ప్రకటించిన మానిక్ మైనర్ ఈ యంత్రపు ఆటలలో మకుటాయమానము. రచయిత మాత్యూ స్మిత్ వయస్సు అప్పటికి పదునేడేండ్లు. విల్లీ అను గనిపనివాడు ఇరువది గుహలను ఒకదాని వెంట నొకటి దాటవలెను; ప్రతి గుహయందును తాళపుచెవులు ఏఱుకొని, గాలి తీఱిపోకమునుపే ద్వారమును చేరవలెను. ఆటలోని గెంతు ఎంత నిర్దుష్టమనగా, ఒక్క చుక్క ఎడము తప్పినను ప్రాణము పోవును, ఆ తప్పు ఆటగానిదే యని అతనికే తెలియును. నేపథ్యమును పెక్కుచోట్ల నల్లగ నుంచి రంగుల రాపిడిని తప్పించిన యుక్తియు మెచ్చదగినది. ఒకేయొక స్వరమును పలుకగల చిన్న స్పీకరుతో, ఆట నడచుచుండగనే ఎడతెగని సంగీతము వినిపించుట ఒక వింత.

దీని తరువాతి భాగమగు జెట్ సెట్ విల్లీ 1984లో వచ్చినది. ధనవంతుడైన విల్లీ తన భవనమున జరిగిన విందు పిదప అఱువదికి పైగా గదులలో చిందరవందరగ పడియున్న వస్తువులను ఏఱినగాని పనికత్తె మరియా అతనిని పడకగది త్రొక్కనీయదు. అటక యను గదిలో ప్రవేశించినచో కొన్ని ఇతర గదులు చెడిపోవు దోషము మొదటి ముద్రణమున నుండెను. ప్రకాశకులు అది ఉద్దేశపూర్వకమే యని మొదట బుకాయించి, పిదప దానిని దిద్దు సంఖ్యలను వారే ప్రకటించిరి. క్యాసెట్లను నకలుతీయువారిని అడ్డగించుటకై రంగుల గడులు అచ్చువేసిన అట్ట యొకటి దీనితో నిచ్చిరి. ఆటకు ముందు అందలి రంగులను చెప్పవలెను. ఆ కాలమున రంగుల నకలుతీయు యంత్రములు అరుదు గనుక ఉపాయము కొంతవరకు పాఱినది. ఓపిక గలవారు రంగుపెన్సిళ్ళతో చేతనే వ్రాసికొనిరి.

అదే కాలమున ఆష్‌బీ డి లా జూచ్ అను చిన్న ఊరినుండి టిమ్, క్రిస్ స్టాంపర్ సోదరులు అల్టిమేట్ ప్లే ద గేమ్ అను పేర ఆటలు వెలువరించిరి. వీరి జెట్‌పాక్ (1983) 16 కిలోబైట్ల యంత్రము మీదనే, అనగా తెరకు పోగా తొమ్మిదివేల చిల్లర బైట్లలో, నడచినది. వీరి నైట్ లోర్ (1984)లో గదులు మూలనుండి చూచినట్లు మూడు పరిమాణములతో కనబడును. రాపిడి బెడద లేకుండ గది యంతయు ఒకే రంగు. అంతకు ఏడాది ముందే ఎడిన్‌బరో శిల్పి శాండీ వైట్ రచించిన త్రీడీ యాంట్ అటాక్ ఇట్టి దృశ్యముతో చీమల నగరమును నిలిపినది. అందు ఆటగాడు బాలునిగనో బాలికగనో ఉండ నెంచుకొనవచ్చును. శిల్పి చేతిపని యని చూచినంతనే తెలియును.

మైక్ సింగిల్టన్ రచించిన లార్డ్స్ ఆఫ్ మిడ్‌నైట్ (1984) సాహసమును దండయాత్రను ఒక్కటి చేసినది. నాలుగువేల స్థలములు, ఒక్కొక్క స్థలమునుండి ఎనిమిది దిక్కుల చూపు; వెరసి 32,000 దృశ్యములు. ఇవి ముందుగ గీసిపెట్టిన బొమ్మలు గావు. కొండ, కోట, అడవి అను కొలది అచ్చులను దూరమును బట్టి పేర్చి అప్పటికప్పుడు యంత్రమే చిత్రించును. అదే యేట కేంబ్రిడ్జి విద్యార్థులు డేవిడ్ బ్రాబెన్, ఇయాన్ బెల్ బీబీసీ మైక్రో అను వేఱొక కంప్యూటరుకై రచించిన ఎలైట్‌లో ఎనిమిది నక్షత్రమండలములు, మండలమునకు 256 లోకములు కలవు. ఇది స్పెక్ట్రమ్ మీదికి 1985లో వచ్చినది.

1984 వేసవిలో లివర్‌పూల్‌లోని ఇమాజిన్ అను ఆటల సంస్థ దివాలా తీసినది. ఒక్కడు కూర్చుండి ఒక ఆటను వ్రాయు కాలము క్రమముగ గడచినది. సినిమాల పేర్లు, ఆటలశాలల యంత్రముల పేర్లు కొని తెచ్చి చేసిన ఆటలు అంగడి నిండినవి. వీనిలో బాబ్ పేప్ చేసిన ఆర్-టైప్ (1988) వంటివి కొన్ని తప్ప తక్కినవానిని గూర్చి విస్తరింప నక్కఱలేదు. 1986 ఏప్రిల్‌లో ఆమ్‌స్ట్రాడ్ సంస్థ స్పెక్ట్రమ్ హక్కులను 50 లక్షల పౌండ్లకు కొనినది. ఆలివర్ కవలసోదరుల డిజ్జీ (1987) అను గ్రుడ్డు బొమ్మ ఆట చవుకవెల ఆటలకు మేలైన ఉదాహరణము. యంత్రోత్పత్తి 1992లో ముగిసినది. సోవియట్ దేశములందును తూర్పు యూరపునందును దీనికి వెలసిన నకళ్ళు లెక్కకు మిక్కిలి.

భారతదేశమున 1982 ఆగస్టు 15న దూరదర్శన్ రంగుల ప్రసారము ఆరంభమగుటయు, నవంబరులో ఢిల్లీయందు ఆసియా క్రీడలు జరుగుటయు ఇట్టి కంప్యూటరుకు తెర కాదగిన రంగుల టీవీని ఇండ్లలోనికి తెచ్చినవి. తెలుగునాట హైదరాబాదులో 1967లో డాక్టరు అయ్యగారి సాంబశివరావు సారథ్యమున వెలసిన ఈసీఐఎల్ సంస్థ 1969లోనే టీడీసీ-12 అను కంప్యూటరును నిర్మించినది. అది ప్రయోగశాలలకు ఉద్దిష్టము. ఈ సంస్థ వారి ఈసీ టీవీ అనేక తెలుగు కుటుంబములకు తొలి టీవీ. 1984లో ప్రభుత్వము ‘క్లాస్’ అను పథకముతో పాఠశాలలకు బీబీసీ మైక్రోలను పంపినది. అందుచేత మన విద్యార్థులు కొందఱు మొదట తాకిన మీటలు ఎలైట్ పుట్టిన యంత్రముయొక్క మీటలే. స్పెక్ట్రమ్‌ను మాత్రము పూణే నగరపు డెసిబెల్స్ ఎలెక్ట్రానిక్స్ సంస్థ అనుమతి పొంది, 1986 నుండి డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ అను పేర అమ్మినది. ఏబదివేలకు పైగా యంత్రములు అమ్ముడుపోయినవి. ఆ తరమువారిలో పలువురు బేసిక్ నేర్చుకొందుమని తల్లిదండ్రులను ఒప్పించి, కొన్నపిదప విల్లీని గెంతించిన వారే యని ఊహించినచో తప్పుండదు.

సింక్లెయిర్ 2021 సెప్టెంబరు 16న మరణించెను. 2024 నవంబరులో బ్రిటనునుండి ‘ద స్పెక్ట్రమ్’ అను పేర ఈ యంత్రముయొక్క ప్రతిరూపము వెలువడినది. అందు 48 ఆటలు ముందే నిక్షిప్తములై యుండును గనుక క్యాసెట్టు లేదు, ఐదు నిమిషముల నిరీక్షణ లేదు. రబ్బరు మీటలు మాత్రము మునుపటి వలెనే నలువది యున్నవి.