కుండ, చేట, విల్లు నుంచి సింథసైజర్ వరకు



వాద్యాన్ని వాయించడం ఒక విద్య. దాన్ని విప్పి, మళ్లీ కూర్చి, ఏ భాగం వల్ల ఏ ధ్వని వస్తుందో తెలుసుకోవడం మరొక విద్య. ఈ పాఠంలో రెండో విద్య చరిత్రను తెలుసుకుందాం. బస్తర్‌లో మొదలుపెట్టి, సింథసైజర్లను ఇంట్లో తయారు చేసుకునే ఔత్సాహికుల దాకా వెళ్దాం.

ఛత్తీస్‌గఢ్ నైరుతి కొసన ఉన్న బీజాపూర్ 2007లో జిల్లా అయింది. ఇంద్రావతి గోదావరిలో కలిసేది ఈ జిల్లా సరిహద్దులోనే. భోపాలపట్నం వైపు తెలుగు వినిపిస్తుంది. దోర్లా ప్రజల మాటలో గోండి, తెలుగు కలిసి ఉంటాయి. బీజాపూర్‌కు ఈశాన్యంగా వెళ్తే, కొండగావ్ ప్రాంతంలో హల్బీ మాట్లాడేవారి జగార్ వేడుకల్లో ధన్‌కుల్ అనే వాద్యం కనిపిస్తుంది.

ధన్‌కుల్‌ను ఎలా కూరుస్తారో గమనించండి. నేలమీద చుట్టకుదురు, దానిపై కుండ, కుండ మూతిమీద చేట, చేటపై ఒక కొస ఆనేలా విల్లు. విల్లు కర్రమీద వరుసగా గాట్లు ఉంటాయి. గురుమాయి అని పిలిచే గాయని ఒక చేత్తో వెదురు పుల్లను ఆ గాట్లపై రుద్దుతుంది, మరో చేత్తో నారిని మీటుతుంది. పాట అయ్యాక వాద్యాన్ని విడదీస్తే మిగిలేవి మళ్లీ కుండ, చేట, విల్లు.

ఇందులో భౌతిక శాస్త్రం ఏమిటి? నారి, గాట్లు కంపనాన్ని పుట్టిస్తాయి. చేట ఆ కంపనాన్ని కుండకు అందిస్తుంది. కుండలోని గాలి కొన్ని పౌనఃపున్యాలను ఎంచుకుని బలపరుస్తుంది. దీన్నే మీరు అనునాదం అని చదువుకున్నారు. కుండ మారితే ధ్వని నాణ్యత మారుతుంది. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ ఇదే సూత్రంతో బోలు గోళాలను వాడి ధ్వనులను విడదీసి పరీక్షించాడు. విద్యుత్తుతో కంపించే శృతిదండాలను, అనునాదకాలను కలిపి అచ్చుల ధ్వనులను కృత్రిమంగా పుట్టించాడు. ఆ వివరాలతో ఆయన గ్రంథం 1863లో వెలువడింది.

ఇప్పుడు వందేళ్లు ముందుకు వద్దాం. అమెరికాలో రాబర్ట్ మూగ్ పాఠశాల వయసులోనే థెరమిన్ అనే ఎలక్ట్రానిక్ వాద్యాన్ని ఇంట్లో కట్టుకున్నాడు. 1961లో ఒక ఎలక్ట్రానిక్స్ పత్రికలో ట్రాన్సిస్టర్ థెరమిన్ ఎలా చేయాలో వ్యాసం రాసి, విడిభాగాల కిట్లు అమ్మాడు. సుమారు 1000 కిట్లు అమ్ముడయ్యాయి. టంకం వేసి పూర్తి చేసే పని కొన్నవారిదే. ఆ ఔత్సాహికుల డబ్బే మూగ్ తర్వాతి ప్రయోగాలకు ఊతమైంది.

1964లో స్వరకర్త హెర్బర్ట్ డాయిచ్‌తో కలిసి మూగ్ సింథసైజర్ నమూనా తయారు చేశాడు. కాలిఫోర్నియాలో డాన్ బుక్లా కూడా ఆ కాలంలోనే ఇలాంటి పనే చేస్తున్నాడు. మూగ్ యంత్రంలో ఆసిలేటర్ కంపనాన్ని పుట్టిస్తుంది, ఫిల్టర్ పౌనఃపున్యాలను వడగడుతుంది, యాంప్లిఫయర్ తీవ్రతను మారుస్తుంది. ఒక్కోటి ఒక్కో పెట్టె. వాటిని తీగలతో కలపాలి. ఆసిలేటర్‌కు ఒక వోల్టు పెంచితే స్వరం ఒక స్థాయి పైకి వెళ్తుంది, అంటే పౌనఃపున్యం రెట్టింపవుతుంది.

ధన్‌కుల్ నుంచి సింథసైజర్ పుట్టిందని అనుకోకండి. రెండింటి సూత్రం మాత్రం ఒకటే: కంపనానికి ఒక భాగం, దాన్ని మలిచేందుకు ఇంకో భాగం.

మన దేశంలోనూ ఈ చరిత్ర ఉంది. 1969లోనే అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థకు మూగ్ సింథసైజర్ వచ్చింది. అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ దాన్ని అక్కడ నెలకొల్పాడు. బెంగళూరులో వేణువు వాయించే ఇంజనీరు జి. రాజ్ నారాయణ్ తన సంగీత అవసరం కోసమే 1970ల చివర ఎలక్ట్రానిక్ శృతిపెట్టెను రూపొందించాడు.

తర్వాత పెట్టెలు మూతపడుతూ వచ్చాయి. 1970లో వచ్చిన మినీమూగ్‌లో తీగలన్నీ లోపలికి వెళ్లాయి. 1983లో వచ్చిన యమహా డీఎక్స్7లో మీట నొక్కితే తయారుగా ఉన్న ధ్వని వచ్చేది. కొత్త ధ్వనిని కల్పించడం కష్టం కాబట్టి, చాలామంది ఉన్న ధ్వనులతోనే సరిపెట్టుకున్నారు. వాయించడం సులువైంది, లోపల ఏం జరుగుతోందో తెలియడం తగ్గింది.

దీనికి సమాధానంగానే 1990ల మధ్యలో జర్మనీకి చెందిన డీటర్ డోప్‌ఫర్ మళ్లీ విడి పెట్టెల పద్ధతి తెచ్చాడు. దానికి యూరోరాక్ అని పేరు. నేటి ఔత్సాహికులు ఒక్కో పెట్టె కొనుక్కుంటారు, కొందరు కిట్ తెచ్చుకుని టంకం వేస్తారు. ఒకే ఆసిలేటర్‌కు రెండు ఫిల్టర్లను మార్చి మార్చి తగిలించి పోల్చుకుంటారు. మిగతావన్నీ అలాగే ఉంచి ఒక్కదాన్నే మార్చడం మీ ప్రయోగశాలలో నేర్పే పద్ధతే కదా!

ఇక మళ్లీ బస్తర్‌కు రండి. బీజాపూర్‌కు ఉత్తరాన ఉన్న నారాయణపూర్ జిల్లాలో సులూర్ అనే వెదురు వేణువు ఉంది. దాన్ని నోటితో ఊదరు, గాలిలో ఊపుతారు. గాలి రంధ్రపు అంచుకు తగిలి లోపలి గాలి స్తంభం కంపిస్తుంది. దాని తయారీలో నేర్పరి, గఢ్‌బెంగాల్ గ్రామానికి చెందిన పండీరామ్ మండావీకి 2025లో పద్మశ్రీ ప్రకటించారు. బస్తర్ వాద్యాలను సేకరించి బస్తర్ బ్యాండ్‌ను నడిపిన అనూప్ రంజన్ పాండేకు 2019లో ఆ గౌరవం దక్కింది.

సులూర్ ధ్వనిని రికార్డు చేసి కీబోర్డులో పెట్టడం నేడు కొద్ది నిమిషాల పని. కానీ ఏ వెదురు కోయాలి, ఎంత ఎండనివ్వాలి, రంధ్రం ఎక్కడ చేయాలి అన్నది ఆ రికార్డులో ఉండదు. అది చేసేవారి చేతుల్లో ఉంటుంది. వారు నేర్పకపోతే, మనం అడగకపోతే ధ్వని మిగిలి, విద్య పోతుంది.

కాబట్టి విద్యార్థులారా, మీరు బీజాపూర్‌లో చదువుతున్నా, భద్రాచలంలో చదువుతున్నా, మీ ఊళ్లో వాద్యం చేసే పెద్దలుంటే వారి దగ్గర కూర్చోండి. కొలబద్ద, నోటు పుస్తకం పట్టుకెళ్లండి. గొట్టం పొడవు, కుండ మూతి వెడల్పు, చర్మం మందం రాసుకోండి. ఒక్క భాగాన్ని మార్చితే ధ్వని ఎలా మారుతుందో వారినే అడగండి. ఆ పుస్తకంతో మరొకరు అదే వాద్యాన్ని తిరిగి చేయగలిగితే, మీరు రాసింది చరిత్రే.