ఇందూరు రింగు

మన జిల్లా బాక్సింగ్ మాట వస్తే 2022 మే 19న ఇస్తాంబుల్‌లో నిఖత్ జరీన్ గెలిచిన ప్రపంచ స్వర్ణం దగ్గర మొదలుపెట్టడం అందరికీ అలవాటైపోయింది. ఈ జూబిలీ సంచికలోనైనా కథను దాని అసలు చోటు నుంచి చెప్పుకోవాలి. ఆ చోటు మన ఇందూరు, అంటే నిజామాబాద్ కలెక్టరేట్ మైదానం.

నిఖత్ అక్కడికి మొదట వచ్చింది పరుగు కోసం. ఫుట్‌బాల్, క్రికెట్ ఆడిన తండ్రి జమీల్ అహ్మద్ ఆమెను ఆటల్లోకి తెచ్చారు. మైదానంలో అన్ని ఆటల్లోనూ ఆడపిల్లలు కనిపించారు, ఒక్క బాక్సింగ్‌లో తప్ప. ఇది మగపిల్లల ఆటేనా అని ఆ పిల్ల తండ్రిని అడిగింది. ఆ ప్రశ్నే ఆమెను కోచ్ సంసాముద్దీన్ దగ్గరికి చేర్చింది. తోటి ఆడపిల్లలు లేరు కనుక మగపిల్లలతోనే స్పారింగ్, అంటే సాధన పోరు. ముక్కున రక్తం కారింది, కన్ను కమిలింది. ఇలాంటి ముఖం పెట్టుకుంటే పెళ్లెవరు చేసుకుంటారని తల్లి ఏడ్చింది. వరుసలో నిలబడతారులే అమ్మా అంది కూతురు.

సంసాముద్దీన్ గురించి మనం రాసుకున్నది తక్కువ. ఆయన కొడుకు హుసాముద్దీన్ కూడా ఇక్కడి పిల్లవాడే. 2018 గోల్డ్‌కోస్ట్, 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యాలు తెచ్చాడు. 2023లో తాష్కెంట్ ప్రపంచ పోటీల్లో సెమీస్ దాకా వెళ్లి, మోకాలి గాయంతో బరిలోకి దిగలేక కాంస్యంతో ఆగాడు. ఒక జిల్లా కేంద్రం నుంచి ఇద్దరు ప్రపంచ పతక విజేతలు వచ్చారంటే దాని వెనక ఏళ్ల తరబడి నేర్పిన చెయ్యి ఉంది.

బాక్సింగ్‌కు కొత్తగా వచ్చిన పిల్లలు మొదట నేర్చుకునేది బ్యాండేజీ కట్టుకోవడం. కొస బొటనవేలికి తగిలించి, మణికట్టుకు రెండు మూడు చుట్లు చుట్టి, పిడికిలి కణుపుల మీదుగా, వేళ్ల సందుల్లోంచి తెచ్చి మళ్లీ మణికట్టు దగ్గర ముగించాలి. వదులైతే వేలు బెణుకుతుంది, మరీ బిగిస్తే చెయ్యి తిమ్మిరెక్కుతుంది. తర్వాత కాళ్ల పని, స్కిప్పింగ్, షాడో బాక్సింగ్. స్పారింగ్‌కు దించిన మొదటి రోజు చాలామంది దెబ్బ వస్తుంటే కళ్లు మూసుకుంటారు, ముఖం తిప్పేసుకుంటారు. కళ్లు తెరిచి చూస్తే ఆ దెబ్బను ఆపొచ్చని, తగిలినా తట్టుకోవచ్చని ఒంటికి ఎక్కడానికి నెలలు పడుతుంది. ఎక్కాక ఆ పిల్లల నడకే మారుతుంది, ఇంటికొచ్చిన చుట్టాలతో మాట్లాడే తీరు మారుతుంది.

పోటీలో గట్టి దెబ్బ తగిలితే రిఫరీ ఎనిమిది దాకా లెక్కపెడతాడు. ఆలోపు లేచి, చేతులు పైకెత్తి, ఆయన కళ్లలోకి సూటిగా చూడాలి. ఇంకా ఆడగలనని నోటితో అంటే చాలదు. పరీక్ష తప్పి గది తలుపు వేసుకున్న కుర్రాడికీ, నలుగురిలో నోరు పెగలని అమ్మాయికీ ఇంతకు మించిన చదువు ఉందని నేను అనుకోను.

ఈ చదువుకు ఖర్చూ తక్కువే. తాళ్ల లోపల 6.1 మీటర్ల చదరం, వేలాడే రెండు మూడు పంచింగ్ బ్యాగులు, కొన్ని జతల గ్లవ్స్ ఉంటే పని మొదలవుతుంది. గ్లవ్స్, హెడ్‌గార్డ్ ఒకరు విప్పాక ఇంకొకరు తొడుక్కోవచ్చు. పళ్ల గార్డు, బ్యాండేజీలు మాత్రం ఎవరివి వాళ్లకే ఉండాలి. ఫీజు అందుబాటులో ఉంటే ఆటో నడిపే ఇంటి పిల్లాడూ, బీడీలు చుట్టే ఇంటి పిల్లా పక్కపక్కన నిలబడతారు. రింగులో వాళ్లను విడదీసేవి బరువు, వయసు తరగతులు, ఆడ మగ విభాగాలే. అయితే ఇది దెబ్బల ఆట. తలకు దెబ్బ తగిలిన పిల్లను ఎంత బతిమాలినా ఆ రోజు రింగెక్కనివ్వని కోచ్ లేకపోతే, చవకగా దొరికినా ఆ క్లబ్బుకు పంపొద్దు.

మళ్లీ నిఖత్ దగ్గరికి వస్తే, ఆమె మన ఊరి నుంచి విశాఖలోని స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా (సాయ్) కేంద్రానికి, ద్రోణాచార్య అవార్డు పొందిన కోచ్ వెంకటేశ్వరరావు దగ్గరికి వెళ్లింది. 2011లో టర్కీలోని అంతాల్యాలో జూనియర్ ప్రపంచ విజేత అయింది. 2017లో భుజం గాయమై శస్త్రచికిత్స జరిగింది, చాలాకాలం ఆటకు దూరమైంది. తిరిగొచ్చి 2022లో, 2023లో ప్రపంచ టైటిళ్లు గెలిచింది. 2024 పారిస్‌లో పతకం దక్కలేదు. ఆమె కన్నీళ్లు చూసి ఇందూరులో ఏడవని ఇల్లు లేదంటే నమ్మాలి.

ఇస్తాంబుల్ గెలుపు తర్వాత రాష్ట్ర ప్రభుత్వం ఆమెకు 2 కోట్ల రూపాయలు ప్రకటించింది. అది ఆమె హక్కు, అందులో సందేహం లేదు. నా బాధంతా పతకం రాకముందటి సంవత్సరాల గురించే. అప్పుడు పిల్లల్ని మోసేది తండ్రి జేబు, కోచ్ ఓపిక. అమ్మాయిలు బట్టలు మార్చుకోవడానికి గడియ పడే గది, చీకటి పడ్డాక వెలిగే దీపాలు, నెలనెలా జీతం అందే కోచ్, వీలైతే ఒక మహిళా కోచ్: బోధన్‌లో, ఆర్మూర్‌లో, భీమ్‌గల్‌లో ఒక్కో రింగుకు ఇవి సమకూర్చడానికి డబ్బు ఎక్కడి నుంచి తేవాలో ఈ సంచిక చదివే దాతలు, పాత ఆటగాళ్లు ఒకచోట కూర్చుని తేల్చాలి. వేసవి శిబిరాలు మొదలయ్యే లోపే తేల్చాలి.