రిజిస్టరులో లేని మనిషి

మన ఇండ్లలో మనిషి పోతే చేయవలసిన పనులు చాలా వుంటాయి. కట్టెలు తేవాలి. బంధువులకు కబురు పంపాలి. పదకొండో రోజున ఎవరు ఏం చేయాలో చూడాలి. అప్పులవాళ్లకు జవాబు చెప్పాలి. ఏడ్పుతోపాటు ఈ పనులన్నీ కలిసి, పోయినవాడు పోయాడనే సంగతిని ఇంటిల్లిపాదికీ నెమ్మదిమీద నమ్మిస్తాయి. కనబడకుండా పోయినవాడి ఇంట్లో ఇవేవీ జరగవు. తలుపు గడియ వేయాలా వద్దా, అతని వంతు అన్నం వుంచాలా వద్దా, పెండ్లయినవాడైతే భార్య బొట్టు వుంచుకోవాలా తీసివేయాలా – ఏ ప్రశ్నకూ జవాబు చెప్పగల పెద్దమనిషి వుండడు.

ఈ చిక్కు పాతదే. దేశాంతరం పోయి కబురు లేనివాడికోసం పన్నెండేండ్లు చూసి, ఆపైన దర్భలతో బొమ్మ కట్టి దహనం చేయమన్నారు ధర్మశాస్త్రకారులు. తెల్లదొరలు 1872 సాక్ష్య చట్టంలో ఏడేండ్ల గడువు పెట్టారు. ఒకని కబురు సహజంగా ఎవరికి తెలియాలో వారికి ఏడేండ్లుగా తెలియకపోతే, అతడు బతికే వున్నాడని వాదించేవాడే ఆ మాట రుజువు చేసుకోవాలి. 2024 జూలైలో పాత చట్టం పోయి కొత్తది వచ్చినా ఈ ఏడేండ్ల గడువు మాత్రం అలాగే వుంది. వారసత్వం, ఆస్తి పంపకం, మళ్లీ పెండ్లి – ఇటువంటి వ్యవహారాలను తేల్చడానికి ఈ గడువులు పనికివస్తాయి. తల్లుల సంగతి శాస్త్రకారులు గాని దొరలు గాని విచారించినట్లు కనబడదు.

కనబడకుండా పోయినవారిలో అనేక రకాలవారున్నారు: అలిగి ఇల్లు విడిచినవారు, తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లలు, పనికోసం దూరదేశాలు పోయి జాడ తెలియనివారు. నేనిక్కడ ఒక్క రకాన్నే తీసుకుంటున్నాను. రాజ్యమే మనిషిని పట్టుకుపోయి, పట్టుకుపోలేదని చెప్పినప్పుడు ఆ ఇంటికి ఏమవుతుంది? దీనికి కేరళలోని ఒక అధ్యాపకుని కుటుంబ చరిత్ర మనకు సాక్ష్యంగా నిలుస్తుంది.

ఆయన పేరు టి. వి. ఈచర వారియర్. కోళిక్కోడ్ ప్రభుత్వ కళాశాలలో హిందీ బోధించేవాడు. కొడుకు రాజన్ ఆ వూరికి దగ్గరలోనే చాత్తమంగళం ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలలో చదువుతున్నాడు, పాటగాడు కూడా. అవి ఎమర్జెన్సీ రోజులు. 1976 ఫిబ్రవరి 28న నక్సలైట్లు కాయణ్ణ పోలీసు స్టేషను మీద దాడి చేశారు. మార్చి 1 తెల్లవారుజామున, విశ్వవిద్యాలయ కళోత్సవం నుండి తిరిగివచ్చిన రాజన్‌ను పోలీసులు కళాశాల వద్దనే పట్టుకున్నారు. మరొక విద్యార్థిని కూడా తీసుకుపోయారు. కక్కయం అనే కొండప్రాంతంలో, విద్యుత్ కేంద్రం సమీపాన, పోలీసులు అప్పటికే ఒక శిబిరం పెట్టి వున్నారు. పట్టుకున్నవారిని బల్లలకు కట్టి, తొడలమీద రోకలివంటి దుడ్డుకర్రను అదిమి దొర్లించడం అక్కడి పద్ధతి.

ఈ శిబిరంలో రాజన్ పేరు రాసుకున్న రిజిస్టరు లేదు. అరెస్టు కాగితం లేదు, కోర్టులో హాజరు పరచింది లేదు. ఇది పోలీసుల అజాగ్రత్తవల్ల జరిగిన లోపమని ఎవరైనా అనుకుంటే పొరపాటు. జైలులో పెట్టిన మనిషికి సంఖ్య వుంటుంది, తిండి లెక్క వుంటుంది, చస్తే పంచనామా వుంటుంది. రాయకపోతే వీటిలో దేనికీ ఎవరూ జవాబుదారీ కానక్కరలేదు. పట్టుకోలేదు గనుక కొట్టలేదు, కొట్టలేదు గనుక చావలేదు.

అయితే ఒక్క కాగితం మిగిలింది. ఆ కళాశాల ప్రిన్సిపాలు బహావుద్దీన్ గారు, మీ కుమారుణ్ణి పోలీసులు తీసుకుపోయారని తండ్రికి రిజిస్టర్డు ఉత్తరం రాశారు. ఈ వాక్యం చదివి ముందుకు పోయే ముందు అధ్యాపక మిత్రులు ఒక్క నిమిషం ఆగాలని నా మనవి. అవి మాట్లాడితే ఉద్యోగాలు పోయే రోజులు. ప్రభుత్వ కళాశాల అధిపతి పోలీసులు చేసిన పనిని కాగితం మీద పెట్టి, సంతకం చేసి, తపాలాఫీసు ముద్రతో పంపాడు. పోలీసులు రాయని పద్దును ఒక ఉపాధ్యాయుడు రాశాడు. ఏడాది తరువాత హైకోర్టులో తండ్రి పక్షాన నిలిచిన సాక్ష్యంలో ఈ ఉత్తరమూ, ఆ విద్యార్థుల, అధ్యాపకుల మాటలే ముఖ్యమైనవి.

ఆ ఏడాది అంతా తండ్రి తిరిగాడు. కక్కయం పోయాడు, పోలీసు అధికారులను కలిశాడు, హోంమంత్రి కరుణాకరన్‌ను కలిశాడు, రాష్ట్రపతి మొదలు పార్లమెంటు సభ్యులదాకా అర్జీలు పంపాడు. కోర్టుకు పోదామంటే దారి లేదు. ఎమర్జెన్సీలో నిర్బంధితుని హాజరు పరచమని అడిగే హక్కు ఎవరికీ లేదని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టే తీర్పు చెప్పింది. అయిదుగురిలో ఖన్నా ఒక్కడే కాదన్నాడు.

ఆనాటి కేరళ ముఖ్యమంత్రి ఎవరు? భారత కమ్యూనిస్టు పార్టీకి చెందిన అచ్యుత మేనోన్. భూసంస్కరణల అమలులో పేరున్నవాడు, నిరాడంబరుడు, స్వయంగా రచయిత. తండ్రి ఆయన్నీ కలిశాడు. ఆ కలయిక తనకు మిగిల్చిన చేదును తరువాత తన స్మృతులలో రాశాడు. హోంశాఖ కాంగ్రెసు చేతిలో వుందనీ, ముఖ్యమంత్రికి వివరాలు తెలియవనీ కొందరు సమాధానం చెబుతారు. ఈ సమాధానం నాకు రుచించదు. పోలీసుశాఖ మిత్రపక్షం చేతిలో వున్నంతమాత్రాన మంత్రివర్గం నీది కాకుండా పోతుందా? ఎమర్జెన్సీని సమర్థించడం తప్పని ఆ పార్టీ 1978 భటిండా మహాసభలో ఒప్పుకున్నది. ఒప్పుకోవడం మంచిదే. కాని పార్టీ తప్పులను తీర్మానాలలో దిద్దుకోవచ్చు. వారియర్ ఇంటిలో దిద్దుకోవడానికి ఏమీ మిగల్లేదు.

1977 మార్చి 21న ఎమర్జెన్సీ ఎత్తివేశారు. నాలుగు రోజులకే, 25న, వారియర్ కేరళ హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషను వేశాడు. అదే రోజున కరుణాకరన్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశాడు. రాజన్‌ను అసలు పట్టుకోనేలేదని ప్రభుత్వపక్షం ప్రమాణపత్రాలు దాఖలు చేసింది. న్యాయమూర్తులు సుబ్రమణియన్ పోటి, ఖాలిద్ నమ్మలేదు. ఏప్రిల్ 13న, అతణ్ణి కోర్టులో హాజరు పరచమని ఆజ్ఞాపించారు. హాజరు పరచడానికి మనిషి వుంటే గదా! ఏప్రిల్ 25న కరుణాకరన్ రాజీనామా ఇచ్చాడు. మే నెలలో ప్రభుత్వం అసలు మాట చెప్పింది: రాజన్ 1976 మార్చి 2ననే కక్కయంలో చనిపోయాడు.

అనగా పట్టుకున్న మరునాడే. తండ్రి ఎక్కిన ప్రతి గడపా, రాసిన ప్రతి అర్జీ, చచ్చిపోయిన బిడ్డను విడిచిపెట్టమని చేసిన వేడుకోలే. ఆ సంగతి తెలిసినవారే ఆ అర్జీలను అందుకుని చూస్తామన్నారు.

చావు ఒప్పుకున్నారు గాని శవాన్ని చూపలేదు. ఏం చేశారన్నదానిపై పలురకాల కథనాలు వచ్చాయి, ఏదీ తేలలేదు. కోయంబత్తూరులో జరిగిన విచారణలో హత్యానేరం నిలబడలేదు. కొందరు అధికారులకు పడిన స్వల్ప శిక్షలు కూడా అప్పీలులో ఎగిరిపోయాయి. శవం లేకుండా చేసినవారికి శవం లేకపోవడమే రక్షణ అయింది.

మన తెలుగు నాట ఆ కాలంలోనే మరొక పద్ధతి నడిచింది. 1975 జూలైలో మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు ఎదురుకాల్పులలో చచ్చారని పోలీసులు ప్రకటించారు. వారిలో వరంగల్ ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల విద్యార్థి కూడా వున్నాడు. పట్టుకుని, చెట్లకు కట్టి కాల్చారని 1977లో తార్కుండే కమిటీ నివేదించింది. అక్కడ అబద్ధపు పద్దు రాశారు, కక్కయంలో అసలు పద్దే రాయలేదు. అబద్ధపు పద్దునైనా తప్పని నిరూపించడానికి పూనుకోవచ్చు. లేని పద్దుతో దేన్ని పట్టుకుని పోట్లాడాలి? పంజాబులో జస్వంత్‌సింగ్ ఖాల్రా దీనికి ఒక మార్గం కనిపెట్టాడు. 1995లో అతడు అమృతసర్ ప్రాంతపు శ్మశానాల లెక్కలు తిరగవేశాడు. పోలీసులు తెచ్చి అనామకులుగా కాల్చిన శవాలు అక్కడి పుస్తకాలకెక్కాయి. మనుషుల్ని దాచినవాళ్లు వాటిని దాచడం మరిచారు. తరువాత కేంద్ర దర్యాప్తు సంస్థ ఒక్క ఆ ప్రాంతంలోనే 2,097 దహనాలను లెక్క తేల్చింది. ఖాల్రాను 1995 సెప్టెంబరు 6న ఇంటి ముందునుండి ఎత్తుకుపోయారు. అతని శవమూ దొరకలేదు.

మళ్లీ ఆ ఇంటికి పోదాం. రాజన్ తల్లి రాధకు మతి చలించింది. కొడుకు ఎప్పుడు వస్తాడని అడుగుతూనే వుండేది. తెలిసిన నిజాన్ని భర్త ఆమెకు చెప్పలేకపోయాడు. కోర్టులో నిజంకోసం మంత్రులతో పోరాడిన మనిషి ఇంటికి వచ్చి భార్య దగ్గర అబద్ధమాడవలసి వచ్చింది. కనబడకుండా పోవడం కుటుంబానికి చేసే హాని ఎంతటిదో ఇంతకంటె తెలియజెప్పే విషయం నాకు మరొకటి దొరకలేదు. చావువార్త ఇంట్లోవాళ్లను ఒక్కచోట కూర్చోబెట్టి ఏడిపిస్తుంది. ఈ నష్టం తెలిసినవాణ్ణీ తెలియనివాణ్ణీ వేరుచేసి, ఒకే కప్పుకింద ఇద్దరినీ ఒంటరివాళ్లను చేస్తుంది. షాజీ కరుణ్ 1988లో తీసిన ‘పిరవి’ చిత్రానికి ఈ ఉదంతమే ప్రేరణ అని చెబుతారు. అందులో నిజం తెలిసినది అక్క. తెలియక రేవు దగ్గర రోజూ ఎదురుచూసేది తండ్రి. వాస్తవంలో తండ్రికి అంతపాటి అజ్ఞానం కూడా దక్కలేదు.

రాధ 2000లో పోయింది. వారియర్ తన స్మృతులను గ్రంథంగా రాసి, 2006 ఏప్రిల్ 13న మరణించాడు. హైకోర్టు తీర్పు వచ్చి ఆనాటికి సరిగ్గా ఇరవై తొమ్మిదేండ్లు. రాజన్ చదివిన కళాశాలలో విద్యార్థులు అతని జ్ఞాపకార్థం ‘రాగం’ పేర కళోత్సవం జరుపుతారు.

ఆ తీర్పు వచ్చిన 1977 ఏప్రిల్ నెలలోనే అర్జెంటీనాలో పధ్నాలుగురు తల్లులు తమ బిడ్డల ఆచూకీ అడుగుతూ అధ్యక్షభవనం ఎదుటి మైదానంలో నిలబడ్డారు. అటువంటివారి పోరాటాల ఫలితంగా, బలవంతపు అదృశ్యాలను నిషేధించే ఒడంబడికను ఐక్యరాజ్య సమితి 2006 డిసెంబరులో ఆమోదించింది. మన దేశం 2007 ఫిబ్రవరిలో దానిమీద సంతకం పెట్టింది గాని ఇంతవరకు ధ్రువీకరించలేదు. 2024లో అమలుకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడా ఇది ప్రత్యేక నేరంగా చేరలేదు. రేపొక తండ్రి స్టేషనుకు పోయి నా కొడుకును మీవాళ్లే పట్టుకుపోయారని చెబితే, ఆ ఫిర్యాదును అపహరణ కింద రాసుకోవాలి, లేదా కనబడుట లేదనే పద్దు కింద రాసుకోవాలి. రాసుకుంటే.