బళ్ళారి లేతుల్లో రెండు కొలతలు

బళ్ళారి చరిత్రను మనం ఎక్కువగా భాషల లెక్కలోనే చెప్పుకుంటాం. 1800లో నిజాం ఇంగ్లీషు కంపెనీకి ధారాదత్తం చేసిన దత్తమండలాల్లో అది భాగం. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు కొత్త ఆంధ్ర రాష్ట్రంలో కలిశాయి, బళ్ళారి మైసూరుకు వెళ్ళింది. ఈ పంపకాల మీద వాదోపవాదాలు చాలానే జరిగాయి. అంగుళానికీ మిల్లీమీటరుకూ మధ్య ఇదే నేల మీద నడిచిన మరో పంపకం మాత్రం ఎవరి దృష్టికీ రాలేదు. పాత లేత్‌కు కొత్త చక్ (తిప్పాల్సిన ముక్కను పట్టుకునే భాగం) బిగించబోయినప్పుడు అది ఇప్పటికీ బయటపడుతుంది. త్రెడ్ కుదరకపోతే పనివాడి అలసత్వమనో, ఊరి వెనకబాటుతనమనో తేల్చేయడం అన్యాయం. త్రెడ్ ఒంటరిగా బతకదు. బోల్టుకు నట్టు ఉండాలి, స్పిండిల్‌కు చక్‌ను మోసే బ్యాక్ ప్లేటు ఉండాలి. ఒకదాన్ని మార్చి రెండోదాన్ని వదిలేయడం కుదరదు కనుకనే ముందు వచ్చిన కొలత పాతుకుపోయింది.

ముందు వచ్చింది ఇంగ్లీషు కొలత. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ త్రెడ్‌కు 55 డిగ్రీల కోణం పెట్టి, బోల్టు లావును బట్టి అంగుళానికి ఎన్ని మరలుండాలో ఖాయం చేశాడు. బ్రిటన్ నుంచి దిగిన రైలింజన్లతో పాటే ఆ కొలత ఇక్కడికీ చేరింది. గుంతకల్లులో మద్రాసు–బొంబాయి బ్రాడ్ గేజి దారికి బళ్ళారి మీదుగా హుబ్బళ్ళి వెళ్ళే మీటరు గేజి దారి తగిలేది. పట్టాల మధ్య దూరం మీటరే అయినా ఆ పట్టాల మీద నడిచిన బ్రిటిష్ ఇంజన్ల బోల్టులు అంగుళాల లెక్కవే. అమెరికా దారి వేరు. 1864లో విలియం సెల్లర్స్ 60 డిగ్రీల త్రెడ్‌ను ప్రతిపాదించాడు. అందుకే అర అంగుళం బోల్టుకు విట్‌వర్త్ లెక్కలో అంగుళానికి 12 మరలు, అమెరికా లెక్కలో 13. పక్కపక్కన పెడితే రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఒకదాని నట్టు రెండోదానికి పట్టదు. స్వతంత్రం వచ్చాక మూడో ధార కలిసింది. బళ్ళారి మైసూరులో చేరిన 1953లోనే బెంగళూరులో లేతులు తయారుచేసే హెచ్ఎంటీ పుట్టింది. దానికి సాంకేతిక సాయం చేసిన ఓర్లికాన్ మిల్లీమీటర్లలో లెక్కించే స్విట్జర్లాండ్ కంపెనీ.

ఈ ధారలన్నీ ఒకే యంత్రం మీద తారసపడితే ఏమవుతుందో చూద్దాం. చాలా పాత లేతుల స్పిండిల్ ముక్కు ఒకటిన్నర అంగుళం లావు, అంగుళానికి 8 మరలు. మిల్లీమీటర్లలో చెప్పాలంటే లావు 38.1, పిచ్ (ఒక మర నుంచి పక్క మరకు దూరం) 3.175. దీనికి 39 మిల్లీమీటర్ల లావు, 3 మిల్లీమీటర్ల పిచ్ ఉన్న బ్యాక్ ప్లేటు తొడిగితే మూడు చుట్ల దాకా సాఫీగానే ఎక్కుతుంది. అనుభవం లేనివాడు సరిపోయిందనే అనుకుంటాడు. కానీ చుట్టు చుట్టుకూ 0.175 మిల్లీమీటరు తేడా పోగవుతూ వచ్చి, ఆపైన ప్లేటు బిగుసుకుపోతుంది. బలవంతంగా తిప్పితే స్పిండిల్ కూడా పాడవుతుంది. చక్‌ను నడిమధ్యన నిలబెట్టేది త్రెడ్ కాదు, దాని వెనక నున్నగా తిప్పిన భాగం. త్రెడ్ పని దాన్ని లాగి పట్టుకోవడమే. అందువల్ల పిచ్ గేజి పెట్టి మరలు చూసుకోవడం, మైక్రోమీటరుతో ఆ నున్నటి భాగాన్ని కొలవడం, ఈ రెండూ అయ్యాకే బ్యాక్ ప్లేటు కోతకు దిగాలి.

1956లోనే మెట్రిక్ చట్టం వచ్చిందిగా, ఇంకా ఈ అంగుళాల గోల దేనికని అడగవచ్చు. సేరు బదులు కిలో రాయి పెట్టడం ఒక్క రోజు పని. త్రెడ్ విషయంలో అలా కాదు. అంగుళాన్ని 25.4తో గుణిస్తే మిల్లీమీటర్లు వస్తాయి గాని, ఎంత గుణించినా 55 డిగ్రీలు 60 కావు. ఇంట్లో కుళాయి విప్పి చూడండి. అర అంగుళం పైపుకు ఇవాళ్టికీ అంగుళానికి 14 మరలు, 55 డిగ్రీల కోణం. మన దేశ ప్రమాణాలు కూడా పైపుల వరకు ఆ త్రెడ్‌నే ఉంచాయి. దాన్ని వెనకబాటు అనలేం. కోట్ల జాయింట్లను ఒక్కసారిగా మార్చలేమన్న వాస్తవాన్ని ఒప్పుకోవడమే అది.

పాత లేత్‌ను తూకానికి అమ్మేసి కొత్తది కొంటే పోలేదా అన్నది రెండో అభ్యంతరం. సాఫీగా పనిచేస్తున్న పోతపోసిన బెడ్డును ఒక చక్ కోసం పారేయడం తెలివైన లెక్క కాదు. పైగా ఇంగ్లీషు లీడ్ స్క్రూ (కోసే పనిముట్టును జరిపే మర) ఉన్న లేత్ మీద కూడా 127 పళ్ళ గేరు వేసి మిల్లీమీటరు త్రెడ్ కచ్చితంగా కోయవచ్చు. అయిదు అంగుళాలు సరిగ్గా 127 మిల్లీమీటర్లు కావడమే అందులో కిటుకు. పాతదానికి కొత్తదాన్ని అమర్చడం చేతకాని పని కాదని తుంగభద్ర డ్యామే చూపించింది. మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వాలు 1945లో మొదలుపెట్టిన ఆ డ్యాముకు 33 గేట్లు, ఒక్కోటి 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. 2024 ఆగస్టు 10 రాత్రి గొలుసు తెగి 19వ గేటు కొట్టుకుపోయింది. డ్యాము గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడి మార్గదర్శకత్వంలో దాని స్థానంలో ఉక్కు పలకలు చేయించి, వారం తిరిగేసరికి పారే నీటిలోనే దించారు. డెబ్బై ఏళ్ళ కిందటి అడుగుల కొలతకు కొత్త ఉక్కు ఒదగవలసి వచ్చింది తప్ప డ్యాము ఒదగలేదు.

లేత్ షాపులోనూ న్యాయం అదే. కొత్త చక్ కోసం పాత స్పిండిల్ త్రెడ్‌ను కోసి మార్చకండి. స్పిండిల్‌కు తగ్గ బ్యాక్ ప్లేటు చేయించి చక్‌ను దానికి బిగించండి. లావు, పిచ్, కోణం ఆ ప్లేటు మీదే చెక్కించి పెట్టండి. మీ తర్వాత ఆ లేత్ మీద నిలబడే టర్నర్ ఊహ మీద ఆధారపడే పని ఉండదు. ఐటీఐల్లో మెట్రిక్‌తో పాటు విట్‌వర్త్ కూడా పిల్లలకు చేత్తో కోయించి నేర్పాలి. రెండు కొలతలు కలిసిన జిల్లాలో టర్నర్‌కు రెండూ రావాలి.