తిరిగొచ్చిన సైనికుడు

మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి వచ్చిన వేలాది మంది అమెరికన్లు 1932 వేసవిలో, తమకు రావలసిన బోనస్ సొమ్ము ముందుగా ఇమ్మని అడుగుతూ వాషింగ్టన్‌లో గుడిసెలు వేసుకున్నారు. వాళ్లను అక్కడి నుంచి తరిమేసింది వాళ్ల సొంత సైన్యమే. సమాజశాస్త్రవేత్త విల్లార్డ్ వాలర్ 1944లో ‘ద వెటరన్ కమ్స్ బ్యాక్’ రాసేనాటికి ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది. పట్టించుకోకపోతే మాజీ సైనికుడు సమాజానికి ప్రమాదం కాగలడన్న వాలర్ హెచ్చరికలో భయం ఎక్కువే. అయినా అతన్ని మళ్లీ కలుపుకోవలసిన బరువును ఆయన సమాజం మీదే పెట్టాడు. నా దృష్టిలో మాజీ సైనికుల మీద వచ్చిన అధ్యయనాలన్నిటికీ మూలం అదే. సైన్యం మనిషిని ఏం చేసిందన్నది, అతను ఎలాంటి బతుకు నుంచి వెళ్లాడు, ఎలాంటి సమాజంలోకి తిరిగొచ్చాడు అన్నవి చూడకుండా తేలదు.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో సమాజశాస్త్రవేత్త శామ్యూల్ స్టౌఫర్ బృందం అమెరికన్ సైన్యం కోసమే పనిచేస్తూ 5 లక్షల మందికి పైగా సైనికులను ప్రశ్నించింది. 1949లో వెలువడిన ‘ది అమెరికన్ సోల్జర్’లో ఒక ఫలితం నేటికీ ఆలోచింపజేస్తుంది. పదోన్నతులు తొందరగా దొరికే వైమానిక దళంలో వాటి గురించి అసంతృప్తి ఎక్కువ, అరుదుగా దొరికే మిలిటరీ పోలీసుల్లో తక్కువ. మనిషి తన కష్టాన్ని పక్కవాడి స్థితితో పోల్చి కొలుచుకుంటాడు. ఇంటికొచ్చాక ఆ పక్కవాడు సైన్యానికి వెళ్లకుండా ఉద్యోగంలో స్థిరపడ్డ చిన్ననాటి స్నేహితుడవుతాడు.

జీఐ బిల్లు అనే 1944 నాటి మాజీ సైనికుల సహాయ చట్టం ఆ దూరం తగ్గించే ప్రయత్నమే. దాని కింద సుమారు 78 లక్షల మంది చదువో వృత్తి శిక్షణో పొందారు. వాళ్లను నిలబెట్టింది చట్టం కాదు, యుద్ధానంతర ఆర్థిక వృద్ధి అనే వాదన ఉంది. అందులో కొంత నిజముంది. కానీ యుద్ధం అదే, చట్టం అదే, వృద్ధి అదే అయినా వాటి ఫలం నల్లజాతి సైనికులకు సమానంగా అందలేదు. అమలు స్థానిక అధికారులు, బ్యాంకుల చేతుల్లో ఉండడంతో, 1947లో మిసిసిపీ పట్టణాల్లో ఈ చట్టం కింద హామీ పొందిన 3,229 రుణాల్లో నల్లవారికి దక్కినవి 2. సేవ చేసినవాళ్లే అందరూ, తేడా సమాజం చేర్చుకున్న తీరులో ఉంది.

ఇంతకంటే బలమైన అభ్యంతరం వియత్నాం యుద్ధం నుంచి వస్తుంది. పీడకలలు, ఉలికిపాటు మనిషి లోపలి గాయాలు కదా, వాటికి సమాజం ఏం చేస్తుంది? గాయం నిజమే, కాదనను. అయితే ఆ యుద్ధంలో సైనికుడు సాధారణంగా తన ఏడాది గడువు ముగియగానే, తన దళాన్ని అక్కడే వదిలి ఒంటరిగా ఇల్లు చేరేవాడు. ఆ గడువు సైనికుల మధ్య బంధాన్ని ఎలా పలుచన చేసిందో సమాజశాస్త్రవేత్త చార్లెస్ మోస్కోస్ యుద్ధభూమికి వెళ్లి గమనించాడు. 1980లో ఆ గాయం పీటీఎస్‌డీ పేరుతో వైద్య గ్రంథంలోకి ఎక్కడం వెనుక, మాజీ సైనికులు కలిసి కూర్చుని మాట్లాడుకున్న బృందాల పోరాటం ఉంది.

ఇక మనిషి ఎలాంటి బతుకు నుంచి వెళ్లాడన్న ప్రశ్నకు వస్తే, సమాజశాస్త్రవేత్త గ్లెన్ ఎల్డర్ ఆ తర్వాత కాలిఫోర్నియాలో చిన్నతనం నుంచి పరిశీలనలో ఉన్న మగవాళ్ల జీవితాలను తరచి చూశాడు. పేదరికంలో పెరిగి చిన్న వయసులోనే సైన్యంలో చేరినవాళ్లకు సేవ చదువుకు దారి తీసింది. పెళ్లి, ఉద్యోగం కుదిరాక వెళ్లినవాళ్లకు మాత్రం అదే సేవ సాగుతున్న జీవితాన్ని మధ్యలో తెంచింది.