చివరి అంచె

హైదరాబాదు నగరమున జూబిలీ హిల్స్, ఫిల్మ్ నగర్ ప్రాంతములందు తెల్లవారుజామున పరుగెత్తువారు ఇప్పుడు వింత కాదు. ఒకప్పుడు ఇవి రాతిగుట్టలు, ముళ్ళపొదలు. 1970ల నుండి తెలుగు చిత్రపరిశ్రమ చెన్నపట్టణము విడిచి క్రమముగా ఇటు తరలివచ్చి, స్టూడియోలు, మేడలు కట్టుకొన్నది. మిగిలిన గుట్టలలో కొంతభాగము 1998లో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయవనముగా ప్రకటింపబడినది. దాని చుట్టునున్న బాట నడచువారికిని పరుగెత్తువారికిని ఆటపట్టు. ఏటేట ఆగస్టు నెలలో జరుగు హైదరాబాదు మారథాన్ ఈ మిట్టల మీదుగనే గచ్చిబౌలికి పోవును. ఇచట అభ్యాసము చేయువారిలో కొందరు మరొక పోటీకి కూడ సిద్ధమగుచుందురు. అది ట్రయాథ్లాన్: ముందు ఈత, పిదప సైకిలు, చివర పరుగు. ముగ్గురు జట్టుగా చేరి తలా ఒక భాగము పంచుకొన్నచో అది రిలే. అందు చివరి భాగము పరుగెత్తువాని సంగతియే ఈ వ్యాసమునకు విషయము. ఆతని కాళ్ళలో ఏమి జరుగునో తెలిసికొన్న కథలో ఒక ప్రధానాధ్యాయమును వ్రాసినవాడు భీమవరమున పుట్టిన తెలుగువాడు.

రిలేకు తెలుగు మాట వెదకనక్కరలేదు. అంచె అను మాట మనకు పూర్వమునుండియు కలదు. దారిపొడవున ఇంతదూరమున కొకచోట మనుషులనో గుర్రములనో నిలిపియుంచి, ఒకరి బరువును మరొకరికి అందించు ఏర్పాటే అంచె. కన్నడిగులు నేటికిని తపాలాను అంచె యనియే అందురు. మనము 'అంచెలంచెలుగా' అను పలుకుబడిలో మాటను నిలుపుకొని అర్థమును మరచితిమి.

1333లో సింధునదిని చేరిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా ఢిల్లీ సుల్తానుల కాలిటపాను వర్ణించియున్నాడు. మైలుకు మూడు మజిలీలు. ప్రతి మజిలీలోను నడుము బిగించిన మనుషులు కాచుకొనియుందురు. పరుగెత్తువాని ఒక చేత జాబు, రెండవ చేత రెండు మూరల కర్ర; కర్ర కొనకు రాగి గంటలు. ఆ చప్పుడు వినగానే ముందు మజిలీవాడు లేచి నిలిచి, జాబు అందుకొని దౌడుతీయును. ఇది గుర్రపు టపాకంటె వేగమైనదని బతూతా వ్రాసెను. గంటలు కట్టిన బుద్ధి గమనింపదగినది. కూర్చున్న దేహము ఒక్కసారిగా పరుగున పడజాలదు. దానికి ముందుగా కబురు కావలెను. నేటి ట్రయాథ్లాన్ రిలేలో కర్ర లేదు, జాబు లేదు. చీలమండకు చుట్టుకొను ఒక పట్టీ, అందులో కాలమును నమోదుచేయు చిన్న ఎలక్ట్రానిక్ బిళ్ళ—సాధారణముగా చేతులు మారునది ఇదియే.

ట్రయాథ్లాన్ అను పేరుతో ఆధునిక పోటీ 1974 సెప్టెంబరు 25న అమెరికాలోని శాన్ డియాగో నగరమున, మిషన్ బే ఒడ్డున జరిగినది. దానికి లోకప్రసిద్ధి తెచ్చినవి మాత్రము హవాయి దీవులు. ఆ ప్రసిద్ధికి మూలము ఒక రిలే పరుగగుట విశేషము. 1977లో ఓవాహూ దీవి చుట్టును జట్లుజట్లుగా పరుగెత్తు పందెము ముగిసి బహుమతులు పంచుచుండగా, దేహదార్ఢ్యము ఈతగాండ్రకు ఎక్కువా, పరుగువారికి ఎక్కువా అని వాదము లేచెను. నౌకాదళాధికారి జాన్ కాలిన్స్ కలుగజేసికొని, బెల్జియము సైకిలువీరుడు ఎడ్డీ మెర్క్స్ పీల్చుకొనునంత ప్రాణవాయువు మరెవ్వరును పీల్చుకొనలేరని పత్రికలో చదివితిననెను. మూడింటిని ఒకేరోజు వరుసగా పెట్టి తేల్చుకొందమని నిశ్చయించిరి. 1978 ఫిబ్రవరి 18న 15 మంది బయలుదేరగా 12 మంది ముగించిరి. ప్రథముడు గోర్డన్ హాలర్‌కు పట్టిన కాలము 11 గంటల 46 నిమిషముల 58 సెకనులు. 2000 సంవత్సరమున సిడ్నీలో ట్రయాథ్లాన్ ఒలింపిక్సున ప్రవేశించెను. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సున మిశ్రమ రిలే చేరెను. ఒలింపిక్ రిలేలో ఇద్దరు స్త్రీలు, ఇద్దరు పురుషులు. ప్రతివారును మూడు పనులను చేయవలెను. ఔత్సాహికుల రిలేలో తలా ఒకటే పని.

కాలిన్స్ ఎత్తిన ప్రాణవాయువు మాటకు పుట్టిల్లు ఇంగ్లండులోని మాంచెస్టర్ అనవచ్చును. 1920ల ప్రారంభమున అచట ఆర్చిబాల్డ్ వివియన్ హిల్ అను శరీరశాస్త్రజ్ఞుడు, తానును పరుగువాడే, వీపున సంచి కట్టుకొని గడ్డినేలపై పరుగెత్తి, తాను విడిచిన ఊపిరిని అందు పట్టి పరీక్షించెను. వేగము హెచ్చినకొలది ప్రాణవాయువు వాడకము హెచ్చును. ఒక హద్దు చేరిన పిదప వేగము హెచ్చినను వాడకము హెచ్చదు. హిల్ దేహమునకు ఆ హద్దు నిమిషమునకు సుమారు 4 లీటర్లు. ఆపై వేగమునకు శక్తి ఎక్కడిది? దేహము అప్పు చేయును, పరుగు ముగిసిన పిదప రొప్పుచు తీర్చును అని హిల్ చెప్పెను. ఆ అప్పునకు గుర్తు లాక్టిక్ ఆమ్లము. కండరమును ముడుచుకొనజేయునది కూడ ఆ ఆమ్లమే యని అప్పటి సిద్ధాంతము. హిల్‌కును జర్మనీ శాస్త్రజ్ఞుడు ఆటో మైయర్‌హాఫ్‌కును 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించెను.

అదే 1922 అక్టోబరులో యల్లాప్రగడ సుబ్బారావు బోస్టను నగరము చేరెను. ఆయన 1895 జనవరి 12న భీమవరమున జన్మించెను. మద్రాసు వైద్యకళాశాలలో చదువుచు, ఖద్దరు ధరించుటచే ఒక ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, పూర్తి పట్టమునకు మారుగా ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకొనవలసివచ్చెను. హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్క్ వద్ద చేరి, జీవద్రవములలోని ఫాస్ఫరసును కొలుచు పద్ధతిని ఆయనతో కలిసి రూపొందించెను. ఫాస్ఫేటును మాలిబ్డేటుతో చేర్చి క్షయకరణము గావించినచో నీలవర్ణము పుట్టును. నీలము ఎంత చిక్కనైన ఫాస్ఫరసు అంత. 1925లో ప్రకటింపబడిన ఈ ఫిస్క్–సుబ్బారావు పద్ధతిని నేటికిని జీవరసాయన విద్యార్థులు ప్రయోగశాలలో నేర్చుచున్నారు. నేర్పు మేము సుబ్బారావు పేరు వెనుకనున్న మనిషిని గూర్చి రెండు మాటలు చెప్పుట మాత్రము అరుదు.

ఈ పద్ధతిని కండరరసముపై ప్రయోగింపగా ఒక చిక్కు వచ్చెను. నీలము వెంటనే పూర్తిగా రాలేదు. నిమిషములు గడచినకొలది మెల్లగా ముదిరెను. మరొకరైన గాజుసామాను మురికియని త్రోసివేసియుందురు. వీరు అట్లు చేయలేదు. ఏదో నిలకడలేని పదార్థము ఆమ్లములో విడిపోవుచు, ఫాస్ఫేటును కొంచెముకొంచెముగా వదలుచుండవలెనని ఊహించిరి. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో దానిని ప్రకటించిరి. పిల్లి కండరమునకు ప్రేరణ కలిగించి పనిచేయించినచో అది తరుగును. విశ్రాంతినిచ్చి రక్తము పారనిచ్చినచో మరల చేరును. ఆ సంవత్సరమే ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడ దానిని మరొక త్రోవన పట్టుకొనిరి. 1929లో ఫిస్క్, సుబ్బారావులు కండరమునుండి ఎ.టి.పి. అను పదార్థమును వేరుచేసిరి. జర్మనీలో కార్ల్ లోమన్ అదే ఏట స్వతంత్రముగా ఆ పని చేసెను.

పాత సిద్ధాంతమునకు ఇక కాలము చెల్లినది. 1930లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఐనార్ లుండ్స్‌గార్డ్ అయొడో ఎసిటిక్ ఆమ్లముచే కప్పకండరములో లాక్టిక్ ఆమ్లము పుట్టకుండ చేసెను. అయినను కండరము ముడుచుకొనెను! ఫాస్ఫోక్రియాటిన్ ఉన్నంతసేపు పనిచేసి, అది హరించిన పిదప బిగుసుకొనిపోయెను. 1932లో హిల్ వ్రాసిన సమీక్షకు 'కండరశాస్త్రమున విప్లవము' అను అర్థము వచ్చు పేరు తానే పెట్టెను. తనకు నోబెల్ తెచ్చిన సిద్ధాంతములో కొంతభాగము కూలినదని తన చేతితోనే వ్రాయుట చిన్నపని కాదు. సుబ్బారావుకు ఈ కృషికి అట్టి బహుమానమేదియు రాలేదు. 1940లో ఆయన హార్వర్డును విడిచి లెడర్లీ సంస్థకు పోయెను. 1948లో అమెరికాలోనే కన్నుమూసెను. 1995లో శతజయంతికి భారతప్రభుత్వము ఆయన తపాలాబిళ్ళను వెలువరించెను.

పరుగునకు దీనిని అన్వయింతము. కండరములో నిలువయున్న ఎ.టి.పి. రెండు మూడు సెకనుల చేతిఖర్చు మాత్రమే. ఫాస్ఫోక్రియాటిన్ దానిని వెంటవెంటనే పూరించును. రెండును కలిసి తీవ్రమైన పరుగును సుమారు పది సెకనులు నడపగలవు. వెచ్చించిన ఫాస్ఫోక్రియాటిన్ తిరిగి సగము చేరుటకు అరనిమిషము, దాదాపు పూర్తిగా చేరుటకు కొన్ని నిమిషములు పట్టును. పది కిలోమీటర్ల పరుగులో అసలు సంసారము ప్రాణవాయువుతో జరుగునదే. కాని రెండు తావుల ఈ నిలువ అక్కరకు వచ్చును: పట్టీ చుట్టుకొని కదలిన తొలిక్షణములందు, ఊపిరి ఇంకను అందుకొనకమునుపు, మరల గమ్యరేఖ కనబడిన తరువాత. 2024 ఆగస్టు 5న పారిస్ ఒలింపిక్సు మిశ్రమ రిలేలో జర్మనీకి చెందిన లౌరా లిండెమన్, అమెరికాకు చెందిన టేలర్ నిబ్, బ్రిటన్‌కు చెందిన బెత్ పాటర్ చివరి అంచె పరుగును దాదాపు కలిసియే ముగించిరి. జర్మనీ 1 గంట 25 నిమిషముల 39 సెకనులలో గెలిచెను. తక్కిన ఇరువురికి ఒక్క సెకను ఎక్కువ, వారి వరుసను ఛాయాచిత్రము చూచి తేల్చిరి. అట్టి తుదిదూకుడులో సుబ్బారావు కనుగొన్న పైకమునకే గిరాకి.

ఆ పైకముతో గడవని పరుగును కలదు. 2024 మే నెలలో బహామాస్ దేశపు నాసౌ నగరమున భారత మహిళల 4×400 మీటర్ల రిలే జట్టు 3 నిమిషముల 29.35 సెకనులలో ముగించి పారిస్ ఒలింపిక్సుకు అర్హత సంపాదించెను. అందు మూడవ అంచె దండి జ్యోతికశ్రీది, ఆమెది తణుకు. తణుకు, భీమవరము ఒకే పశ్చిమగోదావరి సీమలోనివి. 400 మీటర్లలో పది సెకనుల నిలువ తొలిమలుపుకే కరగిపోవును. తరువాత లాక్టిక్ ఆమ్లమును పుట్టించు మార్గమును ఆశ్రయింపక తప్పదు. దానిని విషమని నిందించు అలవాటు ఇంకను పోలేదు గాని, గుండెయు ఇతర కండరములును దానిని ఇంధనముగా వాడుకొనునని 1980లలో జార్జి బ్రూక్స్ మొదలగువారు చూపిరి.

మరల మన గుట్టలకు వత్తము. ఒలింపిక్ దూరములైన 1.5 కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిలు ఔత్సాహికులకు రెండు గంటల పని. ఆరు గంటలకు ఈత మొదలైనచో, పరుగు మొదలగునప్పటికి ఎనిమిది. ఈతగానికి చల్లని నీరు దక్కినది, సైకిలువానికి ఎదురుగాలి దక్కినది. మూడవవానికి ఎండ మిగిలినది. 60 కిలోల మనిషి గంటకు పది కిలోమీటర్ల వేగమున సమతలముపై పరుగెత్తినచో, కిలో బరువునకు కిలోమీటరు ఒక్కింటికి ఒక కిలోకేలరీ చొప్పున, గంటకు సుమారు 600 కిలోకేలరీలు వ్యయమగును. దాదాపు అదంతయు తుదకు వేడియే. ఆ దేహము ఒక డిగ్రీ వేడెక్కుటకు 50 చాలును. వేడి వెలుపలికి పోనిచో ఐదు నిమిషముల కొక డిగ్రీ. పావుగంటలో 37 డిగ్రీల దేహము 40కి చేరును. కాపాడునది చెమట. ఒక లీటరు చెమట ఆవిరియైనచో 580 కిలోకేలరీలు తీసికొనిపోవును. కాని నేలపై కారిపోయిన చెమట దేనికిని కొరగాదు. శ్రావణ భాద్రపదముల తేమగాలిలో ఎంత చెమట కారునో, ఎంత ఆవిరియగునో పరుగెత్తినవారికి తెలియును.

మిట్టల లెక్క వేరు. హైదరాబాదు సగటు ఎత్తు సముద్రమట్టమునకు 542 మీటర్లు; బంజారా హిల్స్ శిఖరము 672. ఆ మనిషియే 50 మీటర్లు ఎక్కినచో, కండరము శక్తిలో నాలుగవవంతు మాత్రమే పనిగా మారును గనుక, 28 కిలోకేలరీలు అదనము. అనగా సమతలముపై ఇంచుమించు అరకిలోమీటరు పరుగు. దిగునప్పుడు అదంతయు తిరిగిరాదు. తొడలకు దెబ్బ మాత్రము తప్పదు. చలనచిత్రమున నాయకుడు ఎంతదూరమైనను పరుగెత్తి, చెరగని క్రాపుతో రైలునందుకొనును. నడుమ 'కట్' అనువాడు కలడు కదా!

ఇన్ని చిక్కులుండగా జట్లు చివరి అంచెను ఎవరికిచ్చుచున్నవి? ఈత రానివానిని నీటిలోనికి పంపరు. మంచి సైకిలు లేనివానిని సైకిలు పందెమునకు పంపరు. మిగిలినవానిని, పరుగు ఎవరికి రాదు అనుకొని, పరుగుకు పంపుదురు. ఇది పొరపాటని నా అభిప్రాయము. ఎండకు పది పదునాలుగు దినములు అలవాటుపడిన దేహము త్వరగా చెమర్చును, ఉప్పును తక్కువగా పోగొట్టుకొనును. ఆ అలవాటు లేని వేగగానికంటె అలవాటున్న నెమ్మదివాడు ఇచట నమ్మదగినవాడు. వేచియుండు రెండుగంటలు నీడలో కూర్చుండవలెను, నీరు కొంచెము కొంచెముగా త్రాగవలెను. సైకిలువాడు వచ్చు వేళకు పది నిమిషములు ముందుగా మెల్లగా అటునిటు పరుగెత్తి కండరమును వెచ్చబెట్టవలెను. గంటల కర్ర లేదు గనుక ఆ వేళను జట్టువారే ముందుగా లెక్కగట్టి చెప్పియుంచవలెను. పట్టీ బిగించుకొన్న వెంటనే రెండుగంటల ఆత్రమును ఒక్క ఊపున చూపువారు మొదటి మిట్టకే నిలువ అంతయు ఊడ్చుకొని, మిగిలిన తొమ్మిది కిలోమీటర్లు రొప్పుచు పోవలసివచ్చును.